నీటి వెంట ఇంటికి: ధవళేశ్వరం నుంచి నగరం దీవి దాకా పిల్లలతో కాలువ యాత్ర

నేను కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా ఊరు ఉన్న నగరం దీవికి తూర్పున వైనతేయ, పడమర వశిష్ఠ, దక్షిణాన సముద్రం. మూడు వైపులా నీరే అయినా మా పొలాలు ఆ నీటితో పండవు. ఆటుపోట్లతో ఉప్పెక్కే పాయల నీరు వరికి పనికిరాదు కాబట్టి మాకు తీపినీరు ధవళేశ్వరం ఆనకట్ట నుంచే రావాలి. అక్కడ ఆగిన గోదావరి బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువలోకి తిరిగి, ఆత్రేయపురం, లొల్ల మీదుగా దిగి, పి. గన్నవరం దగ్గర అక్విడక్టు (కాలువను నది పైనుంచి దాటించే వంతెన) మీద వైనతేయను దాటి మా దీవిలో అడుగుపెడుతుంది. కాలువ గట్టు మీదే రోజూ సైకిలు తొక్కుకుంటూ బడికి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలను ఈ నీరు ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే "లాకుల దగ్గర్నుంచి" అన్నారు. లాకులకు, అంటే కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడాలకు, ఎక్కడి నుంచి వస్తోందంటే "పైనుంచండీ మాస్టారూ" అన్నారు. ఆ జవాబులో తప్పు లేదు. కానీ ఆ పైన ఏముందో చూసినవారు వాళ్లలో బహు తక్కువ. వాళ్లను అక్కడికి తీసుకువెళ్లి, నీరు వచ్చే దారినే తిరిగి ఇంటికి తీసుకురావాలని నేనూ, మా లెక్కల టీచరు గారూ కలిసి అనుకున్నాం.

మా ప్రాంతపు బడులు ధవళేశ్వరానికి విహారయాత్ర వెళ్లడం కొత్తేమీ కాదు. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ముందు ఫోటో, బ్యారేజీ మీద కాసేపు నడక, ఆపైన రాజమహేంద్రవరంలో పుష్కరాల రేవు, ఒక సినిమా, చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం. సరదాకు ఇది చాలు. చదువుకు మాత్రం చాలదు, ఎందుకంటే ఆనకట్టను ఒక్కదాన్నే చూసి వచ్చిన పిల్లవాడి మనసులో అదొక పొడుగాటి గోడగా మిగిలిపోతుంది. దాని అసలు పని, వెనుక నిలిచే నీటిమట్టాన్ని పెంచి, ఆ మట్టాన్ని వీలైనంత పొదుపుగా ఖర్చు చేస్తూ సముద్రం అంచు దాకా నీటిని నడిపించడంలో ఉంది. అది అర్థం కావాలంటే ప్రయాణానికి ఒక దిశ ఉండాలి. అందుకని తెల్లవారుజామునే రావులపాలెం, జొన్నాడ వంతెన, జాతీయ రహదారి మీదుగా ఎక్కడా ఆగకుండా ధవళేశ్వరం చేరుకోవాలనీ, అక్కడి నుంచి వచ్చేటప్పుడు బ్యారేజీ మీదుగా బొబ్బర్లంకకు దాటి, వీలైనంత వరకు కాలువను కంటికి దూరం చేయకుండా దిగిరావాలనీ నిర్ణయించుకున్నాం. దారిలో దిండిలో పడవ షికారు కూడా చేర్చమని సహోపాధ్యాయులు కొందరు సూచించారు. దిండి చూడదగ్గ చోటే, కానీ అది చేరిస్తే ఏదీ నిదానంగా చూడలేమని ఒప్పుకోలేదు.

కాలువ యాత్రకు కాలం ఎంచుకోవడం కొండల యాత్రకు ఎంచుకున్నంత తేలిక కాదు. దాళ్వా (రెండో పంట) కోతలు దగ్గరపడ్డాక ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీతకూ, లాకుల మరమ్మతులకూ దొరికే గడువు అదే. వేసవి సెలవుల్లో వెళితే పిల్లలకు కనిపించేది అడుగున బురద, అక్కడక్కడా గుర్రపుడెక్క. జూన్‌లో సార్వాకు (తొలి పంటకు) నీరు వదిలాక జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల భయం, అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం. జనవరిలో సంక్రాంతి. చివరకు ఫిబ్రవరిలో, దాళ్వా నాట్లు నిలదొక్కుకుని కాలువలు నిండుగా పారే రోజుల్లో ఒక పనిదినం ఎంచుకున్నాం. శనివారం కాకుండా చూసుకున్నాం, ఎందుకంటే ఆత్రేయపురం పక్కనే ఉన్న వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనంతో ఆ గట్టు రోడ్డు కిక్కిరిసి ఉంటుంది.

అనుమతుల విషయం క్లుప్తంగా చెప్తాను. ప్రధానోపాధ్యాయుల ద్వారా విద్యాశాఖకు ఒక దరఖాస్తు, తల్లిదండ్రుల నుంచి సంతకాలతో అంగీకార పత్రాలు, లాకుల దగ్గరా తలకాలువ (నది నుంచి కాలువ మొదలయ్యే చోటు) దగ్గరా ఆగి చూడటానికి జలవనరుల శాఖకు ఒక లేఖ, ఆర్టీసీ డిపోకు అద్దె బస్సు కోసం మరొకటి. వీటిలో ఒక లేఖ ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి, అక్కడి నుంచి మళ్లీ మొదటి కార్యాలయానికి తిరిగింది. ఏ కట్టడం ఏ సెక్షను కిందికి వస్తుందో ముందే తెలుసుకుని, ఆ సెక్షను పేరుతోనే లేఖ రాస్తే ఈ తిరుగుడు తప్పుతుంది. మా లేఖకు తుదకు మంచి స్పందనే వచ్చింది, లాకుల దగ్గర వివరించడానికి ఒక లస్కరును (కాలువ షట్టర్లు చూసుకునే ఉద్యోగిని) ఉండమని కూడా చెప్పారు.

తల్లిదండ్రులు అడిగిన మొదటి ప్రశ్న పడవ ఎక్కిస్తారా అని. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం మా జిల్లాల్లో ఎవరూ మరచిపోలేదు. పడవ ఎక్కించబోమనీ, నీటిలోకి ఎవరూ దిగరనీ, గట్టు అంచుకు వెళ్లే ప్రతిచోటా పెద్దవాళ్లు నీటి వైపు నిలబడతారనీ పత్రంలోనే రాసి ఇచ్చాం. కాలువ గట్లకు కట్టిన రాతి వరసలు పైకి పొడిగా కనిపించినా నీటి అంచున పాచి పట్టి ఉంటాయి. కాలు జారే ప్రమాదం అక్కడే ఎక్కువ. గట్టు మీద పుట్టి పెరిగిన పిల్లలకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు కాలువంటే భయం ఉండదు.

వెళ్లే ముందు తరగతిలో కొంత పని చేయించాం. 1833 ప్రాంతపు నందన కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెన, ఆ తర్వాత ఆర్థర్ కాటన్ రాసిన నివేదికలు, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట: ఈ వరస పాఠంలో ఉన్నదే. దానికి ఒక లెక్క జోడించాం. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో దాదాపు 7.38 లక్షలు ఉండగా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. చనిపోయినవారు ఎందరు, వలస పోయినవారు ఎందరు అన్నది ఆ అంకెలు చెప్పవు. అయినా ఇరవై ఏళ్లలో జనాభా పెరగకపోగా నాలుగో వంతు తరిగిపోయిన నేల ఇదని తెలిశాక, కాటన్ విగ్రహానికి ఊరూరా దండలు ఎందుకు వేస్తారో పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. అదే సమయంలో కంపెనీ ప్రభుత్వం దయతో కాదు, శిస్తు రాబడి పెరుగుతుందన్న లెక్కతోనే ఈ పనికి డబ్బు విడుదల చేసిందనీ, రాళ్లు మోసిన వేల మంది కూలీల పేర్లు ఏ పలక మీదా లేవనీ కూడా చెప్పాను. కాటన్‌కు కుడిభుజంగా నిలిచి కూలీలను సమీకరించిన వీణం వీరన్న పేరు మాత్రం మిగిలింది.

ఇంకో పని, బడి ఆవరణలో ముగ్గుపిండితో ఒక లాకు గీయడం. రెండు పొడుగాటి గీతలు కాలువ గోడలు, ఎగువన ఇద్దరు పిల్లలు ఒక జత తలుపులు, దిగువన మరో ఇద్దరు ఇంకో జత, మధ్యలో నలుగురు ఒక తాడు పట్టుకుని పడవ. తలుపుల పిల్లలు చేతులు చాచి ఎగువ వైపు మొన తిరిగేలా ఒకరికొకరు ఆనుకుని నిలబడాలి. ఎగువ నుంచి మిగతా తరగతి అంతా నీరులా తోస్తే ఆ చేతులు విడిపోవు సరికదా మరింత బిగుసుకుంటాయి. లాకు తలుపుల్ని తిన్నగా కాకుండా మొనదేరేలా ఎందుకు పెడతారో వాళ్లకు ఆ తోపులాటలో తెలిసింది. ఈ ఆట పిల్లలకు ఎంత నచ్చిందంటే మరుసటి వారం ఏడో తరగతివాళ్లు తమంతట తాము ఆడుకున్నారు.

ధవళేశ్వరంలో ముందుగా కాటన్ మ్యూజియం చూశాం. ఆనకట్ట నమూనాలు, పాత పటాలు, చిత్రాలు లోపల ఉంటాయి. బయట ఆవరణలో పాత యంత్రాలు ఉంటాయి. అన్నింటినీ చూపించాలని ప్రయత్నించకుండా ఒక్క ప్రశ్న పట్టుకున్నాం: రాయి తగలని ఇసుక నదిలో ఇంత బరువైన కట్టడం ఎలా నిలిచింది? ఇసుకలోనే పునాది బావులు దించి వాటి మీద రాతి కట్టడం లేపే పద్ధతిని కాటన్ అంతకు ముందే కావేరి ప్రాంతంలో వాడాడు. ఇసుక మీద ఆనకట్ట నిలబడుతుందన్న ధైర్యం అతనికి చోళుల కాలపు కల్లణై చూశాకే వచ్చింది. అంటే ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీరు తంజావూరులో నేర్చుకున్న పాఠం గోదావరికి వచ్చింది. రాయి మాత్రం ఇక్కడిదే, ధవళేశ్వరం కొండది.

బ్యారేజీ దగ్గర పిల్లలకు ముందుగా చెప్పాల్సిన సంగతి, ఇప్పుడు చూస్తున్నది కాటన్ కట్టినది కాదని. పాత ఆనకట్ట శిథిలమవుతుండటంతో 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తి చేసిన ఈ బ్యారేజీకి అతని పేరు పెట్టారు. నాలుగు భాగాలు (వీటిని చేతులంటారు), నాలుగు పేర్లు: ధవళేశ్వరం చేతికి 70 గేట్లు, ర్యాలీకి 43, మద్దూరుకు 23, విజ్జేశ్వరానికి 39, మొత్తం 175. నడుమ పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక అనే నదీ దీవులు. మొదటి రెండు చేతుల కిందుగా పోయేది గౌతమి, తర్వాతి రెండింటి కిందుగా పోయేది వశిష్ఠ. నది ఇక్కడ చీలుతుందని పటంలో చూడటం వేరు, ఒక పాయ దాటి లంక మీదికి వచ్చి, మళ్లీ ఇంకో వంతెన ఎక్కడం వేరు.

వరద రోజుల్లో టీవీలో వినే మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికలు ఇక్కడి కొలతలే అన్న సంగతి పిల్లల్ని బాగా ఆకట్టుకుంది. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మా దీవిలో మూడో హెచ్చరిక వినగానే ఇళ్లలో సామాను అటక ఎక్కుతుంది. ఆ మాట పుట్టే చోటు ఇదేనని తెలిసి ఒక అమ్మాయి ఆ అంకెల్ని తన పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకుంది. 1986 ఆగస్టు వరద గురించి ఇంట్లో తాతయ్యల్ని అడిగి రాసుకురమ్మని అప్పుడే పని అప్పజెప్పాం.

బొబ్బర్లంకలో తలకాలువ స్లూయిస్ (నీటిని వదిలే తలుపుల తూము) దగ్గర ఆగినప్పుడు లెక్కల టీచరు గారు ఒక లెక్క ఇచ్చారు. బ్యారేజీ వెనుక నీరు సముద్రమట్టానికి 13 మీటర్లకు పైగా నిలుస్తుంది. మా పొలాలు రెండు మూడు మీటర్లకు మించవు. నడుమ దూరం అటూఇటుగా డెబ్బై కిలోమీటర్లు. అయితే కిలోమీటరుకు నీరు ఎంత దిగుతుంది? పిల్లలకు పదిహేను సెంటీమీటర్ల చిల్లర వచ్చింది, అంటే జానెడు కంటే తక్కువ. ఈ జానెడులోనే మొత్తం కథ ఉంది. వాలు ఎక్కువైతే నీరు గట్లను కోసేస్తుంది, తక్కువైతే నీరు నడవక పూడిక పేరుకుంటుంది. అందుకే కాలువను చాలా దూరం దాదాపు చదునుగా నడిపించి, ఎంచుకున్న చోట్ల మాత్రం ఒక్కసారిగా దింపుతారు. ఆ దింపే చోట పడవలు ఆగిపోకుండా లాకు కడతారు. బస్సు ఎక్కాక పిల్లలు కాలువ కేసి చూసిన చూపు మారింది. నీరు ఎక్కడ దిగుతోందా అని కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లు వెతకడం మొదలుపెట్టారు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనకుండా బస్సు కదలనివ్వలేదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ రేకులు బియ్యపు పిండి నీళ్లతో బోర్లించిన కుండ మీద తీసేవే. ఆ బియ్యం కూడా ఈ కాలువ చలవేనని ఒక కుర్రాడు అన్నాడు. సంక్రాంతి వేళ ఇదే కాలువలో పడవ పందేలు జరుగుతున్నాయని ఊరివాళ్లు ఉత్సాహంగా చెప్పారు.

లొల్ల లాకుల దగ్గర అన్ని చోట్ల కంటే ఎక్కువసేపు ఉన్నాం. పెద్ద చెట్లు, రాతి గోడలు, దూకే నీటి చప్పుడు, గట్టు వెంట కొబ్బరితోటలు ఉన్న ఈ చోటు చాలా సినిమాల్లో కనిపించింది. మా పిల్లల్లో సగం మంది ఆ సంగతే ముందుగా చెప్పారు. ప్రధాన కాలువ ఇక్కడే వేర్వేరు దిక్కులకు చీలుతుంది. అమలాపురం వైపు ఒకటి, మా గన్నవరం వైపు ఒకటి. ఏ పాయలోకి ఎంత నీరు పోవాలో ఇక్కడి షట్టర్లే తేలుస్తాయి. మా కోసం వచ్చిన లస్కరు గారు ఆ ఉద్యోగంలో తలపండినవారు. షట్టరు ఎత్తే చక్రం చూపిస్తూ ఆయన చెప్పిన మాట నేను అప్పటికప్పుడు రాసుకున్నాను: "ఇక్కడ నీళ్లు ఎక్కువ వదిలితే కింద గట్టు తెగుద్దండి. తక్కువ వదిలితే శివారు రైతులు ఊరుకోరండి. రెండింటి మధ్యలో బతకాలండి మేము." మా తరగతిలో శివారు రైతుల, అంటే కాలువ చివర పొలాలున్నవారి, పిల్లలే ఎక్కువ. దాళ్వాలో వంతుల వారీగా నీరు ఇచ్చే రోజుల్లో తమ పొలానికి నీరందక నాన్న రాత్రంతా తూము దగ్గర కాపలా కాసిన సంగతి ఒకడు లేచి చెప్పాడు. లస్కరు గారు నొచ్చుకోలేదు. ఏ ఊరు బాబూ నీది అని అడిగి, ఆ ఊరికి ఎగువన ఎన్ని తూములు ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి, ఒక్కో తూము దగ్గర కాస్త కాస్త ఎక్కువ తీసుకుంటే చివరకు ఏమవుతుందో వాడికే అప్పజెప్పారు. నేను తరగతిలో గంటసేపు చెప్పినా ఈ మాట అంత సూటిగా నాటుకునేది కాదు.

లాకు గది ఎలా పనిచేసేదో ఆయన వివరిస్తున్నప్పుడు మా పిల్లలకు ముగ్గు లాకు అక్కరకు వచ్చింది. పడవ ఎగువ నుంచి వస్తే ముందుగా గదిలోకి నీరు వదిలి ఎగువ మట్టానికి తేవాలి, పై తలుపులు తెరిచి పడవను లోపలికి తీసుకుని మూయాలి, తర్వాత కింది తలుపుల్లోని చిన్న షట్టర్ల గుండా నీటిని దిగువకు వదలాలి, రెండు మట్టాలూ ఒకటయ్యాక గాని కింది తలుపులు కదలవు. మట్టాలు ఒకటి కాకముందే తలుపు తీస్తే ఏమవుతుందని లస్కరు గారు అడిగితే, బడిలో తలుపుగా నిలబడిన కుర్రాడు "తియ్యలేమండీ, తోసేత్తాదండీ" అని బదులిచ్చాడు. ఇప్పుడు సరుకు పడవలు రావు కాబట్టి ఈ తలుపులకు ఆ పని లేదు. ఒకప్పుడు ధాన్యం, కొబ్బరికాయలు, కలప, పెళ్లి బృందాలు అన్నీ ఈ నీటి మీదే కదిలేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు వెంట మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతూ నడిచేవారు. గట్లు అంత వెడల్పుగా ఉండటానికి ఆ నడకా ఒక కారణమే.

కాటన్ ఈ కాలువలను పంటకు మాత్రమే ఉద్దేశించలేదు. దేశానికి రైళ్ల కంటే నీటిదారులే చవక అని అతను జీవితాంతం వాదించాడు. తూర్పు డెల్టా కాలువ కాకినాడకు, పశ్చిమ డెల్టా నుంచి ఏలూరు కాలువ కృష్ణా కాలువలకు, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువకు కలవడంతో కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసు చేరేది. 1890ల్లో తీరం వెంట రైలుమార్గం వేశారు, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరిపై హేవలాక్ వంతెన మీదుగా రైళ్లు నడిచాయి. ఆ తర్వాత బస్సులు, లారీలు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ మార్గాన్ని, గోదావరి, కృష్ణా నదుల్లోని కొంత దూరంతో కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగవ జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించారు. రోడ్డు వంతెనలు నీటికి అంత దగ్గరగా కట్టుకున్నాక పెద్ద పడవలు మళ్లీ రావడం సులువు కాదని నా అభిప్రాయం. సరుకు సంగతి ఎలా ఉన్నా, గట్లను నడకకూ సైకిళ్లకూ తగినట్టు చదును చేసి, లాకుల దగ్గర నాలుగు మాటల పలకలు పెట్టడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. మేం ఆగిన చోట్లలో కొన్నింటి వద్ద కట్టిన సంవత్సరం కూడా రాసి లేదు.

భోజనం లొల్లలోనే చెట్ల కింద. పులిహోర, పెరుగన్నం ఇళ్ల నుంచి తెచ్చుకున్నవే. తర్వాత ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఏడుపెంకులాట ఆడారు. ఆట కోసం విడిగా సమయం కేటాయించడం మంచిదని ఈ యాత్రలో నాకు గట్టిగా అనిపించింది, ఎందుకంటే ఆడుకున్నాక వాళ్లు అడిగిన ప్రశ్నలు ఉదయం అడిగినవాటి కంటే పదునుగా ఉన్నాయి. కాలువకు ఉప్పునీరు ఎదురురాదా, గట్టు మీది చెట్లు ఎవరివి, లాకులు లేని రోజుల్లో మా ఊరివాళ్లు ఏం తిన్నారు వంటివి.

పి. గన్నవరం చేరేసరికి ఎండ వాలింది. ఇక్కడ కాలువ నదిని దాటాలి. కాలువ నీరు నదిలో కలిసిపోతే మళ్లీ పైకి రాదు కాబట్టి, నదిపై కమానులు కట్టి వాటి మీద కాలువనే నడిపించారు. లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో 1850ల్లో కట్టిన పాత అక్విడక్టుకు 49 కమానులు. దాని పక్కనే 2000లో కొత్తది కట్టి, అడిగినవారికల్లా అన్నం పెట్టిన లంకల గన్నవరం తల్లి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. తరచూ బస్సులో ఈ వంతెన దాటే పిల్లలకు పక్కన పారేది కాలువని తెలుసు, కింద పారేది వైనతేయ అని తెలుసు, కానీ ఒక నీటి మీద ఇంకో నీరు ప్రయాణిస్తోందన్న సంగతి చాలామందికి అప్పుడే తట్టింది. బొబ్బర్లంకలో లెక్కగట్టిన జానెడు వాలును ఇంత దూరం పొదుపు చేసుకుంటూ రాకపోతే ఇక్కడ నది పైన దాటేంత ఎత్తు మిగిలేది కాదు. ఈ ముక్క నేను చెప్పబోతుండగా తరగతిలో ఎప్పుడూ నోరు మెదపని ఒక అమ్మాయి చెప్పేసింది.

ఇక మిగిలింది అక్విడక్టు నుంచి మా ఊరి దాకా. ఆ ముక్కను బస్సులో ముగించకుండా మరో రోజున సైకిళ్ల మీద చేశాం. ఈ రెండో భాగానికి అనుమతుల శ్రమ తక్కువ, చదువు మాత్రం ఎక్కువ. మా పిల్ల కాలువ మీది ఒక చిన్న వంతెన దగ్గర ప్రవాహాన్ని కొలిచాం. గట్టు వెంట ముప్పై మీటర్లు తాడుతో కొలిచి రెండు చోట్ల కర్రలు పాతి, వంతెన మీద నుంచి ఎండు కొబ్బరిపీచు ఉండ నీటిలో వేసి, మొదటి కర్ర దాటినప్పటి నుంచి రెండో కర్ర దాటేదాకా గడియారం చూడాలి. మాకు సగటున 75 సెకన్లు వచ్చింది, అంటే సెకనుకు 0.4 మీటరు. పైనున్న నీరు అడుగునున్న నీటి కంటే వేగంగా పోతుంది కాబట్టి 0.85తో గుణించాలి. వంతెన మీద నుంచి రాయి కట్టిన తాడు దించి లోతు చూస్తే సగటున ఒక మీటరు, వెడల్పు ఆరు మీటర్లు. గుణిస్తే సెకనుకు రెండు ఘనపు మీటర్లకు కాస్త పైన, మన లెక్కలో 72 క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28.3 లీటర్లు. ఒక్క క్యూసెక్కు ఒక రోజు రాత్రింబగళ్లు పారితే రెండెకరాల్లో అడుగు లోతున నీరు నిలుస్తుంది. అయితే మన కాలువ రోజుకు ఎన్ని ఎకరాలు తడపగలదు, దీని కింద ఎన్ని ఎకరాలున్నాయి, వంతు ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నలకు పిల్లలు వంతెన మీదే కూర్చుని లెక్కలు కట్టారు. లెక్కల టీచరు గారికి ఆ రోజు దొరికినంత శ్రద్ధ తరగతి గదిలో ఎప్పుడూ దొరకలేదట.

కాలువ చివరకు వెళ్లేకొద్దీ వెడల్పు తగ్గి బోదె అవుతుంది, వరి చేల నడుమ రొయ్యల చెరువులు మొదలవుతాయి, ఆఖరి తూము దాటాక మిగిలిన నీరు మురుగు కాలువలో పడి సముద్రం దారి పడుతుంది. మురుగు కాలువ పూడిపోతే పై నుంచి ఎంత మంచి నీరు వచ్చినా పొలం మునుగుతుందని అక్కడ కలిసిన ఒక రైతు చెప్పారు. నీరు తెచ్చే కాలువల గురించి మాట్లాడినంతగా నీరు తీసే కాలువల గురించి మన పాఠాల్లో లేదు. తర్వాతి తరగతిలో దానికే ఒక పూట కేటాయించాం.

తిరిగి వచ్చాక పిల్లలు వరండా గోడ మీద ధవళేశ్వరం నుంచి మా ఊరి ఆఖరి తూము దాకా పొడుగాటి పటం గీశారు. తాతయ్యలు చెప్పిన 1986 వరద నీటి గుర్తులను ఏ ఇంటి గోడకు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి అందులో చేర్చారు. జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఒకరు బడికి వచ్చి ఆ పటం చూసి, రెండు తూముల స్థానాలు సరిదిద్ది, పిల్లలు కొలిచిన 72 క్యూసెక్కులు తమ కొలతకు దరిదాపుల్లోనే ఉన్నాయని చెప్పారు. ఇలాంటి యాత్ర చేయదలచిన ఉపాధ్యాయులకు నా సూచన ఒక్కటే: మీ ఊరు తూర్పు డెల్టాలో ఉంటే కడియం లాకుల మీదుగా, పశ్చిమ డెల్టాలో ఉంటే విజ్జేశ్వరం తలకాలువ నుంచి, ఏ కాలువ మీ పొలాలకు నీరిస్తుందో ఆ కాలువనే పట్టుకోండి, కాలువలు కట్టేసే తేదీని సెక్షను కార్యాలయంలో కనుక్కున్నాకే బస్సుకు అడ్వాన్సు కట్టండి.